స్కూబా డైవింగ్‌కు క్యానిస్టర్ లైటు: ఎలా ఎంచుకోవాలి, ఎలా తయారు చేసుకోవాలి?

క్యానిస్టర్ లైటులో బ్యాటరీ చేతిలో ఉండదు. నీరు చొరని ఒక డబ్బాలో, నడుము బెల్టుకు కుడివైపున ఉంటుంది. అక్కడి నుంచి దాదాపు మీటరు పొడవున్న కేబుల్ వచ్చి, ఎడమ చేతి వెనుక తొడుక్కునే గుడ్‌మన్ హ్యాండిల్ మీది చిన్న లైట్ హెడ్‌కు చేరుతుంది. లైటు వెలుగుతూనే ఉంటుంది, వేళ్లు మాత్రం ఖాళీగా ఉంటాయి. దారి తాడు పట్టుకోవాలన్నా, వాల్వు తిప్పాలన్నా ఇబ్బంది లేదు. ఉత్తర ఫ్లోరిడా నీటి గుహల్లో, మెక్సికోలోని యుకాటాన్ సెనోటేల్లో (సున్నపురాయి కుంగి ఏర్పడిన నీటి గుంతల్లో) ఈదేవారికి ఇది ప్రధాన పనిముట్టు. ఒకప్పుడు హాలోజన్ బల్బు, దాన్ని వెలిగించడానికి సీసం బ్యాటరీ ఉండేవి. తర్వాత వాయువులో విద్యుత్ పంపి వెలిగించే హెచ్‌ఐడీ దీపాలు వచ్చాయి. ఇప్పుడు ఎల్‌ఈడీ, లిథియం అయాన్ జోడీదే రాజ్యం.

ముందు ఒక మాట తేల్చుకోండి: మీకు ఇది నిజంగా కావాలా? అండమాన్‌లోనో, కర్ణాటకలోని నేత్రాణి దీవి దగ్గరో పగటిపూట పగడపు దిబ్బలు చూసేవారికి, విశాఖ తీరంలో అప్పుడప్పుడు మునిగేవారికి ఒకే సెల్ వేసుకునే చేతి లైటు చాలు. ఆ పనికి క్యానిస్టర్ కొనడం డబ్బు దండగ. గుహలు, మునిగిన ఓడల లోపలి భాగాలు, గంటకు మించిన డైవ్‌లు, మందపాటి గ్లవ్స్ వేసుకోవాల్సిన చన్నీళ్లు ఉన్నచోట దీని విలువ తెలుస్తుంది. గుహల్లోకి తగిన శిక్షణ లేకుండా ఎంత మంచి లైటుతోనూ వెళ్లకూడదు.

1. వెలుగు కాదు, సమయం లెక్కించండి

దుకాణాల్లో మొదట చెప్పేది వెలుగును కొలిచే ల్యూమెన్లే. ఆ అంకెను పక్కన పెట్టి, లైటు ఎన్ని గంటలు వెలగాలో రాసుకోండి. ఉదాహరణకు ఒకే రోజు 75 నిమిషాల డైవ్‌లు రెండు, మధ్యలో ఛార్జింగ్ లేదు అనుకుందాం. మొత్తం రెండున్నర గంటలు. ఆలస్యాలకు, అనుకోని చిక్కులకు ఒకటిన్నర రెట్లు వేసుకుంటే 3.75 గంటలు.

ఎల్‌ఈడీకి 18 వాట్లు ఇస్తే 1500 నుంచి 2000 ల్యూమెన్ల వరకు ఆశించవచ్చు. ప్రధాన లైటుకు అది ధారాళం. కరెంటును స్థిరంగా ఉంచే డ్రైవర్ సర్క్యూట్ 90 శాతం సామర్థ్యంతో పనిచేస్తే బ్యాటరీ నుంచి 20 వాట్లు లాగుతుంది. 20ని 3.75తో గుణిస్తే 75 వాట్ అవర్లు (బ్యాటరీ ఇచ్చే శక్తికి కొలత). బ్యాటరీ పాతబడుతుంది, చలిలో కొంత తక్కువ ఇస్తుంది. అందుకని 75ను 0.8తో భాగించండి: 94 వాట్ అవర్లు. మీకు కావలసిన బ్యాటరీ ఇది.

2. సెల్స్ అమరిక, విమాన ప్రయాణం

18650 రకం సెల్ 18 మి.మీ. వ్యాసం, 65 మి.మీ. పొడవు ఉంటుంది. 3400 మిల్లీ యాంపియర్ అవర్ల సెల్ 3.6 వోల్టుల దగ్గర సుమారు 12.2 వాట్ అవర్లు ఇస్తుంది. రెండేసి సెల్స్‌ను సమాంతరంగా కలిపి, అలాంటి నాలుగు జతలను వరుసగా కలిపితే మొత్తం ఎనిమిది సెల్స్, 98 వాట్ అవర్లు, నిండుగా ఉన్నప్పుడు 16.8 వోల్టులు. మన లెక్కకు సరిగ్గా సరిపోతుంది.

3500 సెల్స్ దొరుకుతుండగా 3400 ఎందుకు? ఎనిమిది 3500 సెల్స్ కలిస్తే 100.8 వాట్ అవర్లు అవుతుంది. 100 దాటిన లిథియం బ్యాటరీకి విమానయాన సంస్థ అనుమతి కావాలి. 160 దాటితే ప్రయాణికుడి వెంట అసలు తీసుకువెళ్లనివ్వరు. డైవింగ్‌కు విమానం ఎక్కక తప్పని మనవాళ్లకు ఈ ఒక్క వాట్ అవరు పెద్ద తేడా. విడి బ్యాటరీని క్యాబిన్ సామానులోనే, టెర్మినళ్లకు ఇన్సులేషన్ టేపు వేసి పెట్టాలి. డైవింగ్ లైట్లు వేడి పుట్టించే పరికరాలు కాబట్టి హెడ్ నుంచి బ్యాటరీని వేరు చేయండి, సంస్థను ముందే అడగండి.

పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల నుంచి పీకిన సెల్స్ వద్దు. ఒకే బ్యాచ్ కొత్త సెల్స్, స్పాట్ వెల్డింగ్ చేసిన నికెల్ పట్టీలు, షార్ట్ సర్క్యూట్‌నూ అతిగా డిశ్చార్జ్ కావడాన్నీ ఆపే, సెల్స్‌ను సమం చేసే రక్షణ సర్క్యూట్ ఉండాలి. ఈ పని చేయి తిరిగినవారికి అప్పగించడమే మేలు. మూసిన డబ్బాలో లిథియం ప్యాక్ వాయువు వదిలితే ఆ డబ్బా బాంబు అవుతుంది. అందుకే మూతకు లోపలి ఒత్తిడిని బయటికి వదిలే రిలీఫ్ వాల్వు పెట్టండి, ఛార్జింగ్ ఎప్పుడూ మూత తీసి చేయండి.

3. కాంతి పుంజం

6 నుంచి 8 డిగ్రీల సన్నని పుంజం ఎంచుకోండి. మట్టి కలిసిన నీటిలో వెడల్పాటి వెలుగు రేణువుల మీద పడి తిరిగి మీ కళ్లలోకే కొడుతుంది. సన్నని పుంజం నీటిని చీల్చుకుని వెళ్తుంది. పైగా జట్టులో మాట్లాడుకోవడానికి భాష ఇదే: గుండ్రంగా తిప్పితే అంతా బాగుందని, నెమ్మదిగా అటూ ఇటూ ఊపితే ఇటు చూడమని, వేగంగా ఊపితే ఆపద అని. వీడియోకు వాడే 100 డిగ్రీలకు పైబడిన లైటుతో ఈ సంకేతాలు ఇవ్వడం కుదరదు. రెండు పనులూ చేస్తుందని అమ్మే లైటు సాధారణంగా రెండూ అరకొరగానే చేస్తుంది.

4. డబ్బా, మూత, ఓ-రింగు

అసలు పరీక్ష ఇక్కడే. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 100 మీటర్ల లోతుకు తట్టుకునేలా రూపొందిస్తే, 50 మి.మీ. వ్యాసమున్న మూత మీద దాదాపు 200 కిలోల బరువు పడుతుందని లెక్క. గుండ్రటి గొట్టం ఈ బరువును తేలిగ్గా తట్టుకుంటుంది, బల్లపరుపుగా ఉన్న మూత, అడుగు మాత్రం వంగుతాయి. అందుకే గోడ 6 మి.మీ. ఉంటే మూత, అడుగు 12 మి.మీ. పెట్టండి. ఎసిటల్ ప్లాస్టిక్ కడ్డీని లేత్ మీద తొలిపించడం సులభం, తుప్పు భయం లేదు. అల్యూమినియం అయితే హార్డ్ అనోడైజింగ్ (పైన గట్టి ఆక్సైడ్ పొర ఎక్కించడం) తప్పనిసరి. స్టీలు స్క్రూ తగిలిన చోట ఉప్పునీరు దాన్ని తినేస్తుంది.

నాలుగేసి సెల్స్ రెండు అంతస్తులుగా పేర్చితే 44 మి.మీ. వ్యాసం, 130 మి.మీ. పొడవు. లోపలి వ్యాసం 50, బయటి వ్యాసం 62, మొత్తం పొడవు 180 మి.మీ. డబ్బా సరిపోతుంది. దీన్ని సముద్రం సుమారు 555 గ్రాముల బలంతో పైకి నెడుతుంది. సెల్స్ 380 గ్రాములు, ఎసిటల్ డబ్బా 330 గ్రాములు, అంటే నీటిలో కొద్దిగా మునిగే స్వభావం. కావలసింది అదే. తేలే డబ్బా నడుమును ఒక పక్కకు లాగుతూ ఉంటుంది.

మూతకు ఓ-రింగు చేసే పని కుక్కర్‌కు గాస్కెట్టు చేసేదే, ఇక్కడ ఒత్తిడి బయటి నుంచి వస్తుంది, అంతే తేడా. 70 షోర్ (రబ్బరు గట్టిదనపు కొలత) గట్టిదనం గల నైట్రైల్ రబ్బరు రింగును, డబ్బా లోపలి గోడకు ఆనేలా మూత చుట్టూ గాడిలో కూర్చోబెట్టండి. 3 మి.మీ. మందం రింగు 15 నుంచి 25 శాతం నొక్కుకోవాలి. అంటే గాడి అడుగు నుంచి గోడ వరకు 2.4 మి.మీ. దగ్గర దూరం. గోడ నునుపుగా ఉండాలి. నిలువు గీత ఒక్కటి ఉన్నా నీటికి దారి దొరికినట్టే. వీలైతే రెండు రింగులు పెట్టండి. సిలికాన్ గ్రీజు పలుచగా మెరిసేంత రాస్తే చాలు, ఎక్కువైతే ఇసుక అంటుకుంటుంది. లోతుకు వెళ్లేకొద్దీ నీరే రింగును గట్టిగా అదుముతుంది కాబట్టి వెంట్రుక అడ్డుపడిన మూత తరచుగా తక్కువ లోతులోనే లీకవుతుంది.

హెడ్ కిటికీకి 30 మి.మీ. వ్యాసం, 6 మి.మీ. మందం టెంపర్డ్ గాజు సరిపోతుంది. ఎల్‌ఈడీ బోర్డును థర్మల్ పేస్టుతో లోహపు హెడ్‌కు నేరుగా బిగించండి. నీటిలో వేడి పోతుంది గానీ గట్టు మీద నిండు వెలుగుతో వదిలేస్తే మాడిపోతుంది. వేడెక్కితే తానే తగ్గే డ్రైవర్ కొనండి.

5. కేబుల్, స్విచ్

రంధ్రం ప్రతిదీ లీకుకు ఆహ్వానమే. వాటిని వీలైనంత తగ్గించండి. కేబుల్ డబ్బాలోకి దిగేచోట లాగుడు తట్టుకునే గ్లాండు (కేబుల్‌ను బిగించి పట్టే అమరిక), దాని వెనుక ఎపాక్సీ నింపిన గది ఉండాలి. కేబుల్ తొడుగు ఎక్కడైనా చిరిగితే నీరు తీగల సందుల్లోంచి పాకుతూ బ్యాటరీ దాకా వస్తుంది. ఆ దారిని ఎపాక్సీ మూసేస్తుంది. డబ్బాకు చిల్లు పడకుండా బయటి నుంచి అయస్కాంతంతో పనిచేసే స్విచ్ నాకు నచ్చిన పద్ధతి. కొనేవారైతే అడగాల్సిన ప్రశ్న ఒకటే: కేబుల్ తెగితే బ్యాటరీ తడుస్తుందా?

6. పరీక్ష

బ్యాటరీ లేకుండా డబ్బాలో టిష్యూ కాగితం, సీసం గుండ్లు వేసి మూసి, తాడుకు కట్టి పడవ నుంచి దించండి. మొదట అయిదు మీటర్లలో అరగంట, తర్వాత మీరు వెళ్లబోయే లోతుకు మించి. కాగితం పొడిగా ఉంటేనే బ్యాటరీ పెట్టండి. ఆపైన హెడ్‌ను బకెట్ నీటిలో ముంచి, ఆరిపోయేదాకా వెలిగించి సమయం చూడండి. మీరు నమ్మాల్సింది పెట్టె మీది అంకెను కాదు, ఈ సమయాన్ని. ఏడాదికి ఒకసారి ఇదే పరీక్ష మళ్లీ చేయండి.

గుహ డైవింగ్ నియమం ప్రకారం ఒక్కొక్కరి దగ్గర కనీసం మూడు లైట్లు ఉండాలి. ఈ క్యానిస్టర్‌కు తోడు భుజం పట్టీలకు రెండు చిన్న లైట్లు, ఒక్కొక్కటీ బయటికి వచ్చేదాకా వెలిగేది. ప్రధాన లైటు ఆరిన క్షణంలోనే డైవ్ ముగుస్తుంది, జట్టు మొత్తం వెనక్కి తిరుగుతుంది.

డైవ్ అయ్యాక మూత తీయకముందే మంచినీటిలో నానబెట్టి, తుడిచి, ఆరాక తెరవండి. నెలల తరబడి వాడకపోతే బ్యాటరీని సగం ఛార్జిలో, ఓ-రింగును గాడిలోంచి తీసి విడిగా దాచండి.