లిబ్రేఆఫీస్ పాఠాలు – 6: గౌతమి కనబడకపోతే

పోయిన పాఠంలో పేజీ స్టైళ్లు చూశాం. ఈసారి లిబ్రేఆఫీస్ (పత్రాలు, లెక్కలు కొట్టుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) కొత్త వెర్షన్‌కి మారడం, అందులో తెలుగు ఫైళ్లకు వచ్చే తిప్పలు.

వెర్షన్ అంకె చదవడం తేలికే. 7.6 తర్వాత, 2024 నుంచి ఏడాది, నెల లెక్క పెట్టారు. 25.8 అంటే 2025 ఆగస్టు. ఏటా రెండు పెద్ద విడుదలలు, ఆ పైన మూడో అంకె మరమ్మతులది. రోజూ గిరాకీ ఉండే షాపు మిషన్‌లో అయితే ఆ మూడో అంకె 3 దాకా వచ్చాకే వేయండి. తొందరేం లేదు.

25.8 విండోస్ 7, 8ల మీద నడవదు. వాటికి 25.2 వరసే ఆఖరు. అంటే అమలాపురంలోనో రాజోలులోనో కౌలు పత్రాలు, కొబ్బరి దింపు లెక్కలు కొడుతున్న పాత మిషన్‌కి 25.8 కావాలంటే విండోస్ అయినా, మిషన్ అయినా మార్చక తప్పదు. అసలు చిక్కు అక్కడే. విండోస్ 7లో గౌతమి ఫాంటు దానంతటదే ఉండేది (పేరు చూస్తే మన గోదావరి పాయదే!). విండోస్ 10 నుంచి అది విడిగా వేసుకోవాలి. అది లేకపోతే లిబ్రేఆఫీస్ నిర్మల లాంటి ఇంకో ఫాంటు పెట్టి చూపిస్తుంది. అక్షరాలు బాగానే కనిపిస్తాయి, కానీ వరస ఎత్తు వేరు. ఒక పేజీలో సరిపోయిన కౌలు పత్రంలో సాక్షుల సంతకాలు రెండో పేజీకి జారతాయి. స్టాంపు కాగితం మీద ప్రింటు కొట్టాక చూసుకుంటే కాగితం దండగ.

గుర్తుపట్టడం ఇలా: తెలుగు మాట మీద కర్సర్ పెట్టండి. పైన ఫాంటు పేరు వాలు అక్షరాల్లో ఉంటే ఆ ఫాంటు మిషన్‌లో లేనట్టు.

మందు: విండోస్ సెట్టింగ్స్, యాప్స్ (కొత్త విండోస్ 11లో అయితే సిస్టమ్), ఆప్షనల్ ఫీచర్స్‌లో ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ వేయండి. గౌతమి, వాణి రెండూ వస్తాయి. లిబ్రేఆఫీస్ మూసి మళ్లీ తెరవండి. టూల్స్, ఆప్షన్స్, ఫాంట్స్‌లోని రీప్లేస్‌మెంట్ టేబుల్ కూడా ఒక దారే గానీ, అది ఫాంటు మారుస్తుందే తప్ప పాత కొలత తిరిగి తేదు. అందులో ‘స్క్రీన్ ఓన్లీ’ టిక్కు పడితే తెర మీద ఒకటి, ప్రింటులో ఒకటి.

స్టైల్‌లో ఫాంటు మార్చినా తెలుగు కదలడం లేదా? వెస్టర్న్ (ఇంగ్లిషు లాంటి లిపుల) గడిలో మార్చి ఉంటారు. తెలుగుది సీటీఎల్ (కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్) గడి. అది కనబడకపోతే ఆప్షన్స్‌లో, భాషల పేజీలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ టిక్కు పెట్టి తెలుగు ఎంచుకోండి.

అను ఫాంట్లలో (డీటీపీకి వాడే పాత తెలుగు ఫాంట్లు) కొట్టిన ఫైళ్ల సంగతి వేరు. అవి యూనికోడ్ (అన్ని మిషన్లకూ ఒకటే అయిన అక్షరాల సంకేతం) కావు, ఫాంటు మారిస్తే పిచ్చి గీతలే. ముందు కన్వర్టర్‌తో మార్చుకోవాలి.

అభ్యాసం: పాత మిషన్ ఇంకా నడుస్తుండగానే ముఖ్యమైన పది ఫైళ్లకు పీడీఎఫ్ తీయండి. కొత్తదాంట్లో అవే ఫైళ్లు తెరిచి, పేజీల సంఖ్య, ఆఖరి వరస ఆ పీడీఎఫ్‌తో పోల్చండి. తేడా ఉన్న ఫైళ్ల పేర్లు రాసిపెట్టుకోండి, 7వ పాఠంలో వాటితోనే పని.