డ్రోన్ వీడియోలో వెలుగు ఎందుకు చెడుతోంది? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

ఫోన్‌లో బాగుంది, కంప్యూటర్‌లో చూస్తే ఆకాశం తెల్లకాగితంలా ఉంది

ఎండలో నిలబడితే ఫోన్ తెర మసగ్గా కనిపిస్తుంది. వీడియో చీకటిగా ఉందనుకుని మనమే ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు) పెంచేస్తాం. ఎక్స్‌పోజర్‌ను కెమెరాయే నిర్ణయించే ఆటో మోడ్‌లో ఉన్నా సుఖం లేదు. ఫ్రేమ్‌లో నేల ఎక్కువగా ఉంటే కెమెరా నేలకు సరిపడా వెలుగు తీసుకుంటుంది, ఆకాశం తెల్లబడి బర్న్ అయిపోతుంది.

తెరను నమ్మడం మానేసి హిస్టోగ్రామ్ (చీకటిని ఎడమవైపు, వెలుగును కుడివైపు చూపే గ్రాఫ్) ఆన్ చేయండి. గ్రాఫ్ కుడి అంచుకు అతుక్కుపోయిందంటే అక్కడి వివరాలు పోయినట్టే. ఓవర్ ఎక్స్‌పోజర్ హెచ్చరిక కూడా ఆన్ చేస్తే చెడిన చోట చారలు కనిపిస్తాయి. ఈవీని (ఎక్స్‌పోజర్‌ను పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ 0.3కో మైనస్ 0.7కో దించి చూడండి. నీడలో ఉన్న వివరాన్ని ఎడిటింగ్‌లో పైకి తేవచ్చు, రా ఫైల్ (కెమెరా కుదించని అసలు డేటా) అయితే ఇంకా బాగా వస్తుంది. తెల్లబడిపోయిన మబ్బును మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. ఒక ఉదయం తీసినదంతా ఇలాగే పోగొట్టుకున్నాక, హిస్టోగ్రామ్ చూడకుండా నేను రికార్డ్ నొక్కడం లేదు. ఫొటోలకైతే ఏఈబీ మోడ్‌లో (ఒకే దృశ్యాన్ని వేర్వేరు ఎక్స్‌పోజర్లలో తీసే పద్ధతి) 3 లేదా 5 షాట్లు తీసి కలపడం మేలు.

మంచు, తెల్లని ఇసుక దీనికి పూర్తిగా వ్యతిరేకం. కెమెరా వాటిని బూడిద రంగులోకి లాగుతుంది. అక్కడ ఈవీ పెంచాలి.

వెలుగు బాగానే ఉంది, కదలిక మాత్రం ముక్కలుముక్కలుగా ఉంది

ఎక్కువమంది డ్రోన్‌నో మెమరీ కార్డునో అనుమానిస్తారు. అసలు కారణం చాలాసార్లు షట్టర్ స్పీడ్, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం. మండుటెండలో, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100, అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్ 2.8 దగ్గర సరైన ఎక్స్‌పోజర్‌కు దాదాపు 1/3200 సెకను కావాలి. అంత వేగంలో ఒక్కో ఫ్రేమూ కత్తితో కోసినట్టు నిలిచిపోతుంది, వరసగా చూస్తే కంటికి గుచ్చుకుంటుంది. కదలిక సహజంగా ఉండాలంటే షట్టర్ స్పీడ్ ఫ్రేమ్ రేటుకు (సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్య) సుమారు రెట్టింపు ఉండాలి: 24 ఫ్రేములకు 1/50, 30కి 1/60, 60కి 1/120.

చాలా చిన్న డ్రోన్లలో అపర్చర్ మారదు, కాబట్టి వెలుగు తగ్గించడానికి లెన్స్ మీద బిగించే నల్లని అద్దం లాంటి ఎన్‌డీ ఫిల్టరే దారి. 1/3200 నుంచి 1/50కి రావాలంటే 6 స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) తగ్గాలి, అంటే ఎన్‌డీ 64. మబ్బు పట్టి 1/800 దగ్గర సరిపోతే 4 స్టాపులు చాలు, ఎన్‌డీ 16 పెట్టండి. డ్రోన్ ఆన్ చేయకముందే ఫిల్టర్ బిగించండి, ఎందుకంటే ఆన్ కాగానే గింబల్ (కెమెరాను నిలకడగా పట్టి ఉంచే భాగం) తనను తాను సరిచూసుకుంటుంది.

నా అభిప్రాయంలో ఈ రెట్టింపు నియమం చెట్ల మీదుగా తక్కువ ఎత్తులో ఎగిరేటప్పుడే ముఖ్యం. బాగా ఎత్తులో నేల నెమ్మదిగా జరుగుతుంది, తేడా పెద్దగా తెలియదు. ఫొటోలు తీసేటప్పుడైతే ఫిల్టర్ తీసేయండి, లేకపోతే షట్టర్ నెమ్మదించి బొమ్మ చెదురుతుంది.

డ్రోన్ తిప్పుతుంటే వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంది

ఆటో ఎక్స్‌పోజర్ పని ఇది. షాట్‌లో అన్నిటికన్నా వెలుగున్న వైపుకు ముందు కెమెరా తిప్పి, అక్కడ ఎక్స్‌పోజర్ సరిచేసి, అది మారకుండా ఏఈ లాక్ వేయండి. మాన్యువల్ అలవాటైతే ఇంకా మంచిది. వైట్ బ్యాలెన్స్‌నూ (రంగులను సరిచేసే సెట్టింగ్) ఆటో నుంచి తప్పించండి, లేదంటే మధ్యలో రంగు మారుతుంది.

ఫ్రేమ్ పై భాగంలో నల్లని చారలు కదులుతున్నాయి

సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు ప్రొపెల్లర్ల నీడ లెన్స్ మీద పడుతోంది. కెమెరాను కాస్త కిందికి వంచండి, లేదా ఎగిరే దిశ మార్చండి.

రాత్రి దీపాలు మిణుకుమంటున్నాయి, బొమ్మలో గింజలు (నాయిస్) కనిపిస్తున్నాయి

మిణుకుకు కారణం కరెంటు ఫ్రీక్వెన్సీ. 50 హెర్ట్జ్ ఉన్నచోట షట్టర్ 1/50 లేదా 1/100, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120 పెట్టండి. గింజలకు కారణం ఎక్కువ ఐఎస్‌ఓ. పగటి ఫిల్టర్ ఇంకా లెన్స్ మీదే ఉందేమో ముందు చూడండి. గాలి లేనప్పుడు డ్రోన్‌ను ఒకేచోట నిలిపి, ఐఎస్‌ఓ తగ్గించి, 1 సెకను షట్టర్‌తో వరసగా నాలుగైదు ఫొటోలు తీస్తే కనీసం ఒకటి స్పష్టంగా రావచ్చు.

ఏం మార్చినా బొమ్మ తేలిపోయినట్టే ఉంది

లెన్స్ మీద వేలిముద్రో, చల్లని గదిలోంచి బయటికి తెచ్చినప్పుడు పట్టిన తేమో ఉండి ఉంటుంది. మెత్తని గుడ్డతో తుడిచి, తేమ ఆరాక ఎగరేయండి.