అడవిలో మేత హక్కుకు దరఖాస్తు: మంద ఊళ్లో ఉన్నప్పుడే తనిఖీ జరిపించుకోండి

నెల్లూరు, ప్రకాశం ప్రాంతంలో వెలిగొండల కింద ఉదయగిరి, రాపూరు వైపైనా, నల్లమల అంచున దోర్నాల, యర్రగొండపాలెం వైపైనా, తరాలుగా మందలు మేపే అడవి మీద 2006 అటవీ హక్కుల చట్టం కింద ఊరుమ్మడి హక్కు అడగవచ్చు. మేతకు ఫారం-బి. ఆ అడవిని, అందులోని జంతువులను కాపాడుకుంటూ నిర్వహించే హక్కుకు ఫారం-సి. రెండూ కలిపి పెట్టండి. ఏ వాగు వెంట ఏ నెలలో మేపకూడదో, చిరుత కొట్టిన గొర్రె కళేబరంలో విషం కలపకుండా ఎవరు కాపలా ఉండాలో ఊరే కట్టుబాటు చేసుకోవడానికి సి కావాలి. వేట మాత్రం ఏ ఫారంతోనూ రాదు.

ఫారాలు ఉచితం. నింపి ఊరి అటవీ హక్కుల కమిటీకి ఇచ్చి రసీదు తీసుకోండి. పులుల అభయారణ్యంలో ఈ చట్టం చెల్లదని ఎవరైనా అంటే నమ్మకండి, అక్కడా చెల్లుతుంది.

చిక్కు, ఆ కమిటీ అడవికి వచ్చి చేసే తనిఖీ దగ్గర వస్తుంది. మంద వలస పోయిన నెలల్లో తేదీ పడితే, పాత దొడ్డి ఇది, చెలమ ఇది అని చూపించే మనిషి ఉండడు. ఆధారం లేదని రాసుకుపోతారు. పశుపోషకుల దరఖాస్తును వాళ్లు గానీ, వాళ్ల ప్రతినిధులు గానీ ఉన్నప్పుడే తనిఖీ చేయాలని ఈ చట్టం నియమాల్లో 12వది స్పష్టంగా చెబుతోంది. కాబట్టి మంద ఊళ్లో ఉండే నెలలు రాసి, ఆ నెలల్లోనే రమ్మని కోరుతూ దరఖాస్తుతోపాటే ఒక అర్జీ జతచేయండి. అటవీ, రెవెన్యూ సిబ్బంది తనిఖీకి వచ్చి తేదీతో సంతకం చేయాలి. గ్రామసభ తీర్మానానికీ ఇదే జాగ్రత్త: సభ్యుల్లో సగం మంది, వచ్చినవారిలో మూడో వంతు ఆడవాళ్లు, దరఖాస్తుదారుల్లో సగం మందైనా హాజరు కావాలి. కాపరులు ఊళ్లో లేని రోజున చేసిన తీర్మానం పైకి పోయి తిరిగొస్తుంది.

ఆధారాలు కనీసం రెండు. యానాదులు, చెంచులు వంటి గిరిజనులకు 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అక్కడ ఉన్నట్టు చూపితే చాలు. గొల్లలు తదితరులు ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ల నివాసం చూపాలి. చాలామంది ఇక్కడే భయపడి, పాత తేదీలతో కాగితాలు పుట్టించే దళారి చేతిలో పడుతున్నారు. దొంగ కాగితాల అవసరమే లేదు. తాతలు కట్టిన పుల్లరి (మేత పన్ను) రసీదు ఉంటే మంచిదే. లేకపోతే రాతి దొడ్డి, పాత బావి, శ్మశానం, మొక్కుకునే చెట్టు, దరఖాస్తుదారు కాని పెద్దమనిషి రాతపూర్వక వాంగ్మూలం కూడా ఆధారాలే. ఫలానా కాగితమే తెమ్మని పట్టుబట్టే అధికారం పైనున్న సబ్ డివిజన్, జిల్లా కమిటీలకు లేదు.

సబ్ డివిజన్ కమిటీ కాదంటే కారణాలు రాతలో అడిగి తీసుకోండి. ఆ కమిటీ నిర్ణయం తేదీ నుంచి 60 రోజుల్లో జిల్లా కమిటీకి అప్పీలు వేయవచ్చు.