చేతిపనులతో గణిత పునశ్చరణ: ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయులకు

పరీక్షలు దగ్గరపడే ఫిబ్రవరి, మార్చి నెలల్లోనూ, వేసవి సెలవుల తర్వాత బడి తెరిచే జూన్ నెలలోనూ ప్రతి ప్రాథమిక పాఠశాలలో గణిత పునశ్చరణ జరుగుతుంది. సాధారణంగా అది నల్లబల్ల మీద పది లెక్కలు వేసి పుస్తకాల్లో చేయించడంతో ముగుస్తుంది. లెక్క వచ్చిన పిల్లలు తొందరగా చేసేసి కూర్చుంటారు, రాని పిల్లలు పక్కవారి పుస్తకంలోంచి జవాబు ఎక్కించుకుంటారు, దిద్దిన తర్వాత కూడా ఎవరికి ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో ఉపాధ్యాయునికి తెలియదు. అదే లెక్కను చేతిపనిగా మార్చి ఇస్తే పిల్లవాడి ఆలోచన అతని చేతుల్లో కనబడుతుంది, ఎక్కడ తడబడుతున్నాడో బల్ల పక్కన నిలబడి చూడవచ్చు.

అయితే చేతిపనులన్నీ ఇందుకు పనికిరావు. అంకె 5 ఆకారం గీసి దాని మీద కందిపప్పు అతికించమంటే, ఐదు అంటే ఎంతో తెలియని పిల్లవాడు కూడా దానిని అందంగా పూర్తి చేయగలడు. అది మంచి చిత్రకళ కావచ్చు, గణిత పునశ్చరణ మాత్రం కాదు. పనిని ఎంచుకునేటప్పుడు నేను చూసే గుర్తు ఒక్కటే: లెక్క తప్పితే వస్తువు కుదరకూడదు. అలాంటి పనిలో తప్పును ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో చూపనక్కరలేదు, చేసిన వస్తువే చూపుతుంది, దిద్దుకునే అవకాశం కూడా పిల్లవాడి చేతిలోనే ఉంటుంది. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సదస్సులో గాంధీజీ ముందుంచిన నయీ తాలీమ్ ఆలోచనకు మూలం కూడా ఇలాంటిదే. చేతివృత్తి చదువుకు అదనంగా తగిలించే మరో పాఠం కాకూడదని, చదువు చేతివృత్తి ద్వారానే సాగాలని ఆయన కోరారు.

ఇక్కడ మరొక మాట చెప్పాలి. మన బడుల్లో టీఎల్‌ఎం (బోధనాభ్యసన సామగ్రి) అంటే చాలాసార్లు ఉపాధ్యాయుడు రాత్రి కూర్చుని థర్మాకోలుతో తయారుచేసి, తరగతి గోడకు తగిలించేదిగా మిగిలిపోతోంది. ఆ శ్రమను తక్కువచేసే ఉద్దేశం నాకు లేదు. కానీ ఆ వస్తువు చేయడంలో జరిగిన కొలత, లెక్క, విభజన అంతా ఉపాధ్యాయునికే దక్కింది, పిల్లలకు దక్కలేదు. కింద చెప్పిన పనులన్నింటినీ పిల్లలే చేయాలి, వంకరగా వచ్చినా సరే.

కావలసిన సామగ్రి

కొనవలసినవి చాలా తక్కువ. చీపురు పుల్లలు, రబ్బరు బ్యాండ్లు, పాత శుభలేఖలు, క్యాలెండర్ కాగితాలు, ఖాళీ సబ్బు పెట్టెలు, గట్టి దారం, ఇంట్లో ఉడికించిన మైదా జిగురు, మొన గుండ్రంగా ఉన్న కత్తెరలు ఉంటే ఏడాది మొత్తానికి సరిపోతుంది. ఒకటో తరగతి పిల్లలకు చింతపిక్కల వంటి చిన్న వస్తువులు ఇచ్చినప్పుడు ముక్కులోకీ నోట్లోకీ పోకుండా కనిపెట్టుకుని ఉండాలి. పుల్లల కొనలను ముందే తుంచి మొద్దు చేయాలి. సామగ్రిని పంచే పనిని కూడా పిల్లలకే అప్పగించడం మంచిది, ఎందుకంటే 60 పుల్లలను 4 జట్లకు సమానంగా పంచడం దానికదే ఒక భాగాహారం.

పుల్లల కట్టలు: స్థానవిలువ, తీసివేత

రెండో తరగతి నుంచి నాలుగో తరగతి వరకు నేను మొదట చేయించే పని ఇదే, ఎందుకంటే పై తరగతుల్లో కనబడే తప్పుల్లో చాలావాటి వేరు స్థానవిలువలోనే ఉంటుంది. పిల్లలు పుల్లలను ఒకే పొడవుకు తుంచి, పదేసి లెక్కపెట్టి రబ్బరు బ్యాండుతో కట్టలు కట్టాలి. పది కట్టలను కలిపి దారంతో చుడితే వంద అవుతుంది. కట్ట కట్టిన జట్టు దానిని పక్క జట్టుకు ఇవ్వాలి, వారు విప్పి లెక్కపెట్టి పది ఉన్నాయని తేల్చిన తర్వాతే మళ్ళీ కట్టాలి.

ఇప్పుడు 52 నుంచి 27 తీసివేయమని చెప్పాలి. కాగితం మీద చాలామంది పిల్లలు ఒకట్ల స్థానంలో 2 నుంచి 7 పోదు కాబట్టి 7 నుంచి 2 తీసేసి 35 అని రాస్తారు. చేతిలో ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ఉన్న పిల్లవాడు ఆ తప్పు చేయలేడు. ఏడు పుల్లలు ఇవ్వాలి, ఉన్నవి రెండే, కాబట్టి ఏదో ఒక కట్ట విప్పక తప్పదు. విప్పగానే నాలుగు కట్టలు, పన్నెండు విడి పుల్లలు అవుతాయి. అందులోంచి రెండు కట్టలు, ఏడు పుల్లలు ఇచ్చేస్తే రెండు కట్టలు, ఐదు పుల్లలు మిగులుతాయి. ఆ క్షణంలోనే పుస్తకం తెరిపించి, 5ను కొట్టివేసి పైన 4 ఎందుకు వేస్తామో, 2 పక్కన 1 ఎందుకు చేరి 12 అవుతుందో రాయించాలి. ‘అప్పు తెచ్చుకోవడం’ అని ఏళ్ళ తరబడి వల్లె వేయించిన మాటకు కట్ట విప్పడమే అర్థమని అప్పుడు తెలుస్తుంది. చేసిన పనికీ రాసిన లెక్కకూ మధ్య ఆలస్యం ఉండకూడదు. మరుసటి రోజు రాయిద్దామని వదిలేస్తే పుల్లలు ఒకవైపు, లెక్క ఒకవైపు మిగిలిపోతాయి.

వంద పూసల దండ

క్యాలెండర్ కాగితాన్ని అడుగు 2 సెంటీమీటర్లు, పొడవు 20 సెంటీమీటర్లు ఉండే సన్నని త్రిభుజాలుగా కత్తిరించాలి. వెడల్పు వైపు నుంచి చీపురు పుల్ల మీద బిగుతుగా చుట్టి, కొనకు జిగురు రాసి అతికించి, పుల్లను లాగేస్తే పూస వస్తుంది. తరగతిలో 25 మంది ఉంటే ఒక్కొక్కరు 4 పూసలు చేస్తే వంద అవుతాయి. 30 మంది ఉంటే ఎలా పంచుకోవాలో వారినే తేల్చుకోనివ్వాలి. సగానికి ఎరుపు, సగానికి పసుపు రంగు వేసి, పది ఎరుపు, పది పసుపు చొప్పున మార్చి మార్చి దారానికి గుచ్చాలి.

చేతితో చుట్టిన పూసలన్నీ ఒకే పరిమాణంలో రావు. అందువల్ల రెండు రంగుల వరుసలను పక్కపక్కన పెట్టి పొడవు సమానంగా ఉంది కాబట్టి లెక్క సరిపోయిందనుకోవడం కుదరదు, ఒక్కొక్క పూసను లెక్కించవలసిందే. ఇది లోపంగా కనిపించినా నా దృష్టిలో మేలు. దండను గోడకు రెండు మేకుల మధ్య కట్టి, బట్టల క్లిప్పుతో సంఖ్యలను గుర్తించమనాలి. 47 ఎక్కడుందో చెప్పమంటే కొందరు ఒకటి నుంచి లెక్కపెడతారు, కొందరు నాలుగు రంగులు దాటి ఏడు పూసలు జరుపుతారు, కొందరు యాభై దగ్గరికి వెళ్ళి మూడు వెనక్కి వస్తారు. ఈ మూడు దారులనూ తరగతి ముందు చెప్పించాలి. తర్వాత 38కి 25 కలపమంటే, క్లిప్పును 38 నుంచి రెండు పూసలు జరిపి 40కి చేర్చి, మిగిలిన 23 జరిపి 63 చేరడం పిల్లలు తామే కనిపెడతారు. నోటిలెక్కకు ఇంతకంటే మంచి పునశ్చరణ నాకు తెలియదు.

24 సెంటీమీటర్ల పట్టీలు: భిన్నాలు

నాలుగు, ఐదు తరగతుల్లో భిన్నాల పునశ్చరణకు శుభలేఖల అట్టనుగానీ ఏ4 కాగితాన్నిగానీ 24 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు గల పట్టీలుగా కత్తిరించాలి. 24నే ఎంచుకోవడానికి కారణం ఉంది. అది 2, 3, 4, 6, 8 అన్నింటితోనూ నిశ్శేషంగా భాగింపబడుతుంది కాబట్టి, సగం 12, మూడో వంతు 8, పావు 6, ఆరో వంతు 4, ఎనిమిదో వంతు 3 సెంటీమీటర్లుగా పూర్ణసంఖ్యల్లోనే వస్తాయి. సగం, పావు, ఎనిమిదో వంతులను మడతతో చేయవచ్చు. మూడో వంతు, ఆరో వంతులకు మడత సరిగా కుదరదు, స్కేలుతో కొలవాలి. ఎంత కొలవాలో పిల్లలే భాగించి తేల్చాలి. లెక్క తప్పితే ముక్కలు పూర్తి పట్టీని నింపవు, లేదా దాటిపోతాయి.

పట్టీలు సిద్ధమయ్యాక మొదటి ప్రశ్న: ఆరో వంతు పెద్దదా, పావు పెద్దదా? 6 పెద్ద అంకె కాబట్టి ఆరో వంతే పెద్దదన్న పిల్లవాడు రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. తర్వాత 12 సెంటీమీటర్ల సగం ముక్క కింద రెండు పావులు, మూడు ఆరో వంతులు, నాలుగు ఎనిమిదో వంతులు పేర్చి, 1/2, 2/4, 3/6, 4/8 సమానమని రాయించాలి. ఐదో తరగతి వారు 1/2కి 1/3 చేర్చి, 20 సెంటీమీటర్ల ఆ పొడవును ఏ ముక్కలతో నింపవచ్చో వెతకాలి. ఐదు ఆరో వంతులతో అది సరిగ్గా నిండుతుంది. లవాలను లవాలతో, హారాలను హారాలతో కూడి 2/5 అని రాసేవారికి, ఆ జవాబు సగం కంటే కూడా చిన్నదని పట్టీలే చూపిస్తాయి. పావు కిలో, అర కిలో, ముప్పావు కిలో అన్న మాటలు కొట్టుకు వెళ్ళే ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఆ మాటలను పట్టీల మీద రాయించి, తర్వాతే అంకెల్లోకి వెళ్ళడం మేలు.

చుక్కల ముగ్గు, ద్వారతోరణం

ఐదు చుక్కలు, ఒకటి వచ్చేవరకు, సందు చుక్క అంటే ఇంట్లో ముగ్గు వేసేవారున్న పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. మధ్య వరుసలో ఐదు, పైకీ కిందికీ నాలుగు, మూడు, రెండు, ఒకటి చొప్పున, ఒక వరుస చుక్కల సందుల్లో తర్వాతి వరుస చుక్కలు వచ్చేలా పెట్టించి, మొత్తం ఎన్నో కూడమనాలి. 5కు రెండువైపులా 10 చొప్పున చేరి 25 వస్తుంది. ఆ కాగితాన్ని ఏటవాలుగా తిప్పి చూడమంటే ఐదేసి చుక్కల ఐదు వరుసలు కనబడతాయి, 5×5 అక్కడే ఉంది. ఏడు చుక్కలతో చేస్తే 49 వస్తుంది. కానీ ఏడు నుంచి నాలుగు వరకే ఆపితే 37 మాత్రమే వస్తుంది, ఎందుకు తగ్గిందో, ఏ చుక్కలు పోయాయో పిల్లలను వెతకనివ్వాలి. మెలికల ముగ్గు వేసేటప్పుడు ఒక్క చుక్క ఎక్కువైనా గీత మొదలైన చోటికి చేరదు, పక్కలు కుదరవు. సౌష్ఠవ రేఖలను గుర్తించడానికి ముగ్గును మధ్యకు మడిచి వెలుతురుకు పట్టి చూపించాలి.

తోరణం పని చిన్నదే అయినా ఒక గట్టి చిక్కును విప్పుతుంది. తరగతి గుమ్మం వెడల్పు 90 సెంటీమీటర్లు అనుకుందాం. రెండు చివర్లా ఆకు ఉండేలా, 6 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున కాగితపు మామిడాకులు కట్టాలంటే ఎన్ని కావాలి? 90ని 6తో భాగించి అందరూ 15 ఆకులే కత్తిరిస్తారు. కట్టడం మొదలుపెట్టాక ఒక చివర బోసిగా మిగులుతుంది. ఖాళీలు 15, ఆకులు 16 అని అప్పుడు తేలుతుంది. ప్రతి ఖాళీలో ఒక బంతిపువ్వు కట్టమంటే 15 ఎక్కడికి చెందిన సంఖ్యో కూడా స్పష్టమవుతుంది.

గడియారం, పెట్టె

గడియారం చేయించేటప్పుడు అట్ట వృత్తాన్ని రెండుసార్లు మడిచి 12, 3, 6, 9 గుర్తించి, ఒక్కో పావులో రెండేసి గుర్తులు పెట్టించాలి. నిమిషాలను బయట 5, 10, 15 అని రాయిస్తే ఐదో ఎక్కం పునశ్చరణ అవుతుంది. మూడున్నరకు చిన్నముల్లు 3 మీద కాకుండా 3కీ 4కీ మధ్యలో ఉండాలన్నది మరవకూడదు.

సబ్బు పెట్టెను అంచుల వెంట కత్తిరించి పరిస్తే ఆరు ముఖాలు, వాటిలో ఎదురెదురు జంటలు కనబడతాయి. ఐదో తరగతికి ఇంకొక అడుగు వేయవచ్చు: ఆరు సమాన చతురస్రాలను కలిపి, మడిస్తే ఘనం అయ్యే ఆకారాలను గీయమనాలి. అలాంటివి మొత్తం 11 ఉన్నాయి. కుదరని ఆకారంలో ఒక ముఖం మీద మరొకటి పడి, ఇంకోవైపు తెరిచే ఉండిపోతుంది. వారం రోజులు గోడ మీద చోటిచ్చి దొరికినవి దొరికినట్టు అతికించమంటే, ఒకటి రెండు మిగిలినా నష్టం లేదు.

తరగతిని నడపడం

45 నిమిషాల పీరియడులో తయారీకి 20 నిమిషాలకు మించి ఇవ్వకూడదు. వస్తువు పూర్తయ్యాక దానిని వాడటానికి, బొమ్మగా గీయడానికి, అంకెల్లో రాయడానికి మిగతా సమయం కావాలి. పిల్లలు చేత చేసినది, బొమ్మలో చూసినది, గుర్తుల్లో రాసినది ఒక్కటేనని గ్రహించాలన్న అవగాహన జెరోమ్ బ్రూనర్ వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు 1960లలో వివరించినది. తరగతి అనుభవం కూడా దానిని బలపరుస్తుంది. మూడో మెట్టు లేకపోతే పని ఆటగా మిగులుతుంది, మొదటి మెట్టు లేకపోతే లెక్క బట్టీగా మిగులుతుంది. పూసలు చేయడం వంటి పెద్ద పనిని రెండు రోజులకు పంచుకోవాలి.

ఏకోపాధ్యాయ పాఠశాలల్లో ఒకే చేతిపనిని అన్ని తరగతులకూ వాడుకోవచ్చు. చుక్కల ముగ్గునే తీసుకుంటే ఒకటో తరగతి వారు చుక్కలు లెక్కపెడతారు, రెండో తరగతి వరుసలను కూడుతుంది, మూడో తరగతి గుణకారంగా రాస్తుంది, నాలుగు, ఐదు తరగతులు సౌష్ఠవాన్నీ, ఏడు, తొమ్మిది చుక్కల మొత్తాలనూ చూస్తాయి.

ఎవరి వస్తువు అందంగా ఉందో పోల్చవద్దు. మెచ్చుకోవలసింది తన తప్పును తానే కనిపెట్టి దిద్దుకున్న పిల్లవాడిని. తప్పు కనబడగానే చేయి అందించి సరిచేయకుండా, ‘ఎన్ని ఉండాలి? ఎన్ని ఉన్నాయి?’ అని మాత్రం అడిగి కాసేపు ఆగాలి.

రెండు రోజుల తర్వాత వస్తువు లేకుండా అలాంటి లెక్కనే, వేరే సంఖ్యలతో ఇవ్వాలి. చేయగలిగిన వారిని ముందుకు పంపి, ఆగిపోయిన వారికి మాత్రం అవే పుల్లలు, అవే పట్టీలు మళ్ళీ చేతికివ్వాలి. అందుకే ఏ వస్తువునూ పారేయకుండా, జట్టు పేరు రాసి చెప్పుల అట్టపెట్టెలో పెట్టి, పిల్లలు అడగకుండానే తీసుకోగలిగే ఎత్తులో ఉంచాలి.