డబుల్ బ్యారెల్ తుపాకీని విప్పి స్టేషన్‌లో డిపాజిట్ చేసే ముందు

ఎన్నికల షెడ్యూల్ వచ్చిందంటే చాలాచోట్ల లైసెన్స్ తుపాకులు స్టేషన్‌లో అప్పగించమంటారు. హడావుడిలో విప్పకండి.

మడత తెరిచి రెండు గొట్టాల్లోకీ వెలుతురు పెట్టి చూడండి, వేలు పెట్టి కూడా తడమండి. "ఖాళీయే" అన్న నమ్మకమే ప్రాణాలు తీస్తుంది. పెద్దవాళ్లు చెప్పినా సరే, మీరే చూడండి.

20 బోర్ తూటా ఇంట్లో ఉంటే 12 బోర్ వాటితో కలపకండి. బోర్ అంటే గొట్టం సైజు; అంకె పెద్దదైనా 20 బోర్ తూటానే సన్నం. అది 12 బోర్ గొట్టంలోకి జారి ఇరుక్కుంటుంది. వెనక మరో తూటా పెట్టి కాలిస్తే గొట్టం పగులుతుంది.

గొట్టాల కింద ముందు భాగంలో ఉండే చెక్క తీసేటప్పుడు ఎడమచేత్తో గొట్టాలను గట్టిగా పట్టుకోండి. జారి గచ్చు మీద పడితే మూతి సొట్టపోతుంది.

బిగించేటప్పుడు బిర్రుగా ఉంటే సుత్తి వద్దు. లోపల చెత్తో, సరిగా కూర్చోని కొక్కెమో ఉంటుంది.

లోపలా బయటా పల్చగా నూనె రాయండి. తోలు సంచిలో ఉంచకండి, తేమ పట్టి తుప్పు వస్తుంది. వానల్లో మరీను.

తూటాలు వేరే తాళంలో ఉండాలి, తాళంచెవి మీ దగ్గరే.

రసీదులో తుపాకీ నంబరు లైసెన్స్‌తో సరిపోయిందో అక్కడే చూసుకోండి.