చిన్న కారులో రోటరీ ఇంజిన్ - మూడో పాఠం: ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య

ముందు చక్రాలతో నడిచే చిన్న కారులో మాజ్డా రోటరీ ఇంజిన్ (పిస్టన్లకు బదులు రోటర్లు తిరిగేది) పెట్టడమే మన పని. గత రెండు పాఠాల్లో మాజ్డా 13బీ ఇంజిన్‌ని విప్పి చూశాం. రోటర్లు, హౌసింగ్‌లు, మధ్యలో క్రాంక్‌షాఫ్ట్ పని చేసే ఎక్సెంట్రిక్ షాఫ్ట్, అంతే. సిలిండర్ హెడ్డూ, వాల్వులూ, కామ్‌షాఫ్టూ ఏమీ లేవు. ఇంత చిన్న ఇంజిన్ చూశాక చాలామంది చేసే మొదటి పని బానెట్ ఎత్తి టేపు పట్టడం. ‘బోలెడు ఖాళీ ఉంది, సులువుగా పడుతుంది’ అంటారు. ఖాళీ ఉన్న మాట నిజమే. కానీ ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో ఇంజిన్ ఎక్కడ కూర్చోవాలో తేల్చేది ఖాళీ కాదు, గేర్‌బాక్స్.

ఎందుకో చూడండి. వెనక చక్రాల కారులో ఇంజిన్‌ని నాలుగు అంగుళాలు వెనక్కి జరిపితే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని కత్తిరించి సరిపెట్టుకోవచ్చు. ముందు చక్రాల కారులో ఆ వెసులుబాటు లేదు. డిఫరెన్షియల్ గేర్‌బాక్స్‌లోనే ఉంటుంది. అక్కణ్ణుంచి రెండు డ్రైవ్‌షాఫ్టులు నేరుగా చక్రాలకు పోతాయి. చక్రాలు జరగవు, కాబట్టి డిఫరెన్షియల్ జరగదు. డిఫరెన్షియల్ జరగకపోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ కూడా జరగదు. ఇంజిన్ షాఫ్ట్ ఆ గీత మీదే ఉండాలి. అందువల్ల అసలు ప్రశ్న ఒక్కటే: ఆ గీత మీద రోటరీని వేలాడదీస్తే దాని ఒళ్లు ఎక్కడ తగులుతుంది?

కంపెనీలు కూడా ఈ చిక్కుతో కుస్తీ పట్టాయి. 1967లో వచ్చిన జర్మనీ కారు ఎన్ఎస్‌యూ ఆర్ఓ 80లో రెండు రోటర్ల ఇంజిన్ ముందు ఇరుసు కన్నా ముందు, నిలువుగా, అంటే కారు పొడవు వెంట కూర్చుంది. 1969 నాటి మాజ్డా లూచే రోటరీ కూపే ఆ కంపెనీ అమ్మిన రోటరీ కార్లలో అరుదైన ముందు చక్రాల కారు. దానికోసం 13ఏ అనే వేరే ఇంజిన్ చేశారు. 1973లో సిత్రోయెన్ జీఎస్ బిరోటర్‌లో రోటరీని అడ్డంగా పెట్టారు. అది 847 కార్లతో ఆగిపోయింది, చాలావాటిని కంపెనీయే వెనక్కి కొని తుక్కు చేసింది. ఆర్ఓ 80ది ఇంకో విడ్డూరం. ఎపెక్స్ సీళ్లు (రోటర్ కొనల్లో ఉండే సీళ్లు) అరిగిపోయిన కార్లలోంచి రోటరీని తీసేసి ఫోర్డ్ వీ4 ఇంజిన్ పెట్టించుకున్నవాళ్లున్నారు. మనం చేయబోయేదానికి సరిగ్గా తలకిందులు పని.

మొదటి పరీక్ష: ఎటు తిరుగుతుంది?

మాజ్డా రోటరీని పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కున తిరుగుతుంది. మామూలు అడ్డ ఇంజిన్ కార్లలో పుల్లీ కారు కుడి వైపు, గేర్‌బాక్స్ ఎడమ వైపు ఉంటాయి. వాటి ఇంజిన్లూ ఇదే దిక్కున తిరుగుతాయి. కాబట్టి వాటి గేర్‌బాక్స్‌కి రోటరీ తిరిగే దిక్కు సరిపోతుంది.

పాత హోండాలు దీనికి విరుద్ధం. డీ, బీ సిరీస్ ఇంజిన్లున్న సివిక్‌లలో పుల్లీ ఎడమ వైపుంటుంది, ఇంజిన్ ఎదురు దిక్కున తిరుగుతుంది. ఆ గేర్‌బాక్స్‌కి రోటరీ బిగిస్తే వెనక్కి పోవడానికి ఐదు గేర్లు, ముందుకు పోవడానికి ఒక్కటి వస్తాయి. నవ్వులాటగా ఉంటుంది కానీ అడాప్టర్ ప్లేట్ (ఇంజిన్‌ని వేరే కారు గేర్‌బాక్స్‌కి కలిపే పలక) కోయించాక తెలిస్తే నవ్వు రాదు. 2001 నుంచి వచ్చిన కే సిరీస్‌తో హోండా కూడా మామూలు దిక్కుకు మారింది. హోండాయే కావాలనుకుంటే ఆ గేర్‌బాక్స్ చూడండి.

ఏ పుస్తకంలో ఏం రాసి ఉన్నా గేర్‌బాక్స్‌ని బల్ల మీద పెట్టి చేత్తో తిప్పి చూడటం మేలు. మొదటి గేర్ వేయండి. ఒక వైపు డ్రైవ్‌షాఫ్ట్ ఫ్లాంజ్ కదలకుండా పట్టుకోండి. ఇన్‌పుట్ షాఫ్ట్‌ని ఇంజిన్ తిప్పే దిక్కున తిప్పండి. రెండో ఫ్లాంజ్ కారుని ముందుకు నడిపే దిక్కున తిరగాలి. ఐదు నిమిషాల పని.

పాత మినీ గురించి చాలామంది అడుగుతారు. దాని గేర్‌బాక్స్ ఇంజిన్ కిందే, సంప్‌లోనే (ఆయిల్ నిలిచే తొట్టిలోనే) ఉంటుంది. రెండింటికీ ఒకే ఆయిల్. ఆ గేర్‌బాక్స్‌ని రోటరీకి తగిలించే దారి లేదు. వేరే గేర్‌బాక్స్, దానితోపాటు వేరే సబ్‌ఫ్రేమ్ కావాలి. మొదటి బండిగా దాని జోలికి పోకండి.

రెండో పరీక్ష: గీత కింద, గీత వెనక

అసలు పని ఇక్కడుంది, కాస్త నిదానంగా చదవండి.

మామూలు ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ అడుగున ఉంటుంది. ఇంజిన్ ఒళ్లంతా దాని పైన ఉంటుంది. రోటరీలో షాఫ్ట్ ఒంటి నట్టనడుమ ఉంటుంది. అంటే ఒకే గీత మీద రెంటినీ పెడితే రోటరీ పైన తక్కువ, కింద ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఎంతో లెక్క కట్టొచ్చు. మాజ్డా రోటరీలైన 12ఏ, 13బీ రెంటిలోనూ రోటర్ మధ్య నుంచి కొనకు 105 మి.మీ., ఎక్సెంట్రిసిటీ (షాఫ్ట్ మధ్య నుంచి రోటర్ మధ్యకి దూరం) 15 మి.మీ. హౌసింగ్ లోపలి పొడవు 2 × (105 + 15) = 240 మి.మీ. వెడల్పు 2 × (105 - 15) = 180 మి.మీ. అంటే షాఫ్ట్ మధ్య నుంచి కిందికి 120 మి.మీ. గది, ఆ గది కింద నీళ్ల దారి, గోడ, వాటి కింద ఆయిల్ సంప్. బానెట్ కింద జానెడు ఖాళీ కనిపించి మురిసిపోయినవాళ్లు స్పీడ్ బ్రేకర్ దగ్గర సంప్ తగిలించుకునేది ఇందుకే. సంప్‌ని కోసి పల్చగా, వెడల్పుగా చేయించుకోవడం తప్పదనే అనుకోండి.

పనిలో పనిగా సీసీ లెక్క కూడా: 3 × √3 × 15 × 105 × రోటర్ మందం. 13బీకి మందం 80 మి.మీ., ఒక్కో రోటర్‌కి 654 సీసీ వస్తుంది. 12ఏకి 70 మి.మీ., 573 సీసీ. ఈ రెంటికీ తేడా మందంలోనే. అడ్డంగా పెట్టినప్పుడు మొత్తం 20 మి.మీ. పొడవు తగ్గడం చిన్న కారులో పెద్ద ఊరట. అందుకే నేను మొదటి బండికి 12ఏ వైపే మొగ్గుతాను.

ఇప్పుడు గీత వెనక సంగతి. రోటరీని పుల్లీ కుడి వైపుకు వచ్చేలా అడ్డంగా తిప్పండి. స్పార్క్ ప్లగ్గులు రేడియేటర్ వైపు వస్తాయి. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఫైర్‌వాల్ వైపు పోతాయి. ప్లగ్గులు మార్చడం హాయి. కానీ ఎగ్జాస్ట్ రంధ్రాలు కిందివైపు ఉంటాయి, సరిగ్గా అక్కడే, ఇంజిన్ వెనక నుంచి కుడి చక్రానికి పొడవాటి డ్రైవ్‌షాఫ్ట్ పోతుంటుంది. స్టీరింగ్ ర్యాక్ కూడా ఆ చుట్టుపక్కలే. ఇంజిన్ బాగా లాగినప్పుడు రోటరీ పొగ వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. డ్రైవ్‌షాఫ్ట్ మీది రబ్బరు బూట్లు ఆ వేడి దగ్గర నిలవవు.

కాబట్టి కొలవాల్సింది ఇది: ఇన్‌పుట్ షాఫ్ట్ మధ్య నుంచి డిఫరెన్షియల్ మధ్యకి దూరం. ఆ దూరంలోంచి హౌసింగ్ వెడల్పులో సగం, అంటే 90 మి.మీ. తీయండి. గోడ మందం తీయండి, డ్రైవ్‌షాఫ్ట్ సగం లావు తీయండి. మిగిలినదే మీ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి ఉన్న చోటు. సస్పెన్షన్ కదిలితే షాఫ్ట్ చక్రం వైపు పైకీ కిందికీ ఊగుతుంది, ఆ ఊపు కూడా లెక్కలో వేసుకోండి. చోటు చాలకపోతే మూడు దారులు. ఒకటి, పైపుల్ని ఫ్లాంజ్ దగ్గరే పైకి తిప్పి షాఫ్ట్ మీదుగా దాటించడం. రెండు, కుడి వైపు మధ్య షాఫ్ట్, బేరింగ్ ఉన్న గేర్‌బాక్స్ వెతకడం. ఊగే కీలు బయటికి జరుగుతుంది కాబట్టి ఇంజిన్ వెనక షాఫ్ట్ కదలకుండా తిరుగుతుంది. నాకు నచ్చినది ఇదే. మూడు, అడ్డంగా పెట్టే ఆలోచనే మాని, 1970ల నాటి సుబారు లియోనీ లాగా ఇంజిన్ నిలువుగా ఉండే కారు తీసుకోవడం. అప్పుడు ఎగ్జాస్ట్ పక్కకు పోతుంది, ఫైర్‌వాల్ గొడవ ఉండదు.

ఏది చేసినా వేడి కవచం వేయాల్సిందే. దాని సంగతి వచ్చే పాఠంలో.

ఫ్లైవీల్

మాజ్డా మాన్యువల్ ఫ్లైవీల్‌కి బ్యాలెన్స్ బరువు కలిసే ఉంటుంది. దాన్ని లేత్ మీద కోసి చిన్న కారు బెల్ హౌసింగ్‌లో (గేర్‌బాక్స్‌కి ఉండే, క్లచ్‌ని కప్పే గుల్లలో) పట్టించాలని చూడకండి, ఇంజిన్ వణుకుతుంది. ఆటోమేటిక్ కార్లలో ఆ బరువు విడిగా వస్తుంది. షాఫ్ట్ టేపర్ మీద కీతో కూర్చుంటుంది, 54 మి.మీ. నట్టుతో బిగుస్తుంది. ఆ విడి బరువు తెచ్చుకుని, దానికి బోల్టులతో పట్టే చదునైన స్టీలు ఫ్లైవీల్ మీ గేర్‌బాక్స్ కొలతకు చేయించండి. బరువు మీ రోటర్ల తరానికి చెందినదే అయి ఉండాలి. పాత రోటర్లకీ కొత్త రోటర్లకీ బరువులో తేడా ఉంది. నట్టు టార్క్ 390 నుంచి 490 న్యూటన్ మీటర్లు. పొడవాటి రెంచీ, ఫ్లైవీల్‌ని కదలనివ్వని స్టాపర్ లేకుండా ఇది చేతికి లొంగదు.

స్టార్టర్ సాధారణంగా గేర్‌బాక్స్ మీదే బిగుస్తుంది. అందుకని కొత్త ఫ్లైవీల్‌కి పాత కారు రింగ్ గేర్‌నే ఎక్కించండి, పళ్లు కలుస్తాయి. పోత ఇనుము ఫ్లైవీల్‌కి వెల్డింగ్ మాత్రం వద్దు. ఏడెనిమిది వేల ఆర్‌పీఎం దగ్గర అది పగిలితే ముక్కలు బెల్ హౌసింగ్‌ని చీల్చుకుని వస్తాయి, మీ కాళ్లు అక్కడే ఉంటాయి.

క్లచ్ ప్లేటుకి నడుమ గేర్‌బాక్స్ పళ్లు, బయట ఫ్లైవీల్‌కి తగిన లైనింగ్. చాలా ముందు చక్రాల గేర్‌బాక్స్‌లలో ఇన్‌పుట్ షాఫ్ట్ కొనకు పైలట్ బేరింగ్ ఉండదు. ఉన్నదానికే పెట్టండి.

అడాప్టర్ ప్లేట్

దీని మందాన్ని ఊహించి చెప్పకండి, లెక్క కట్టండి. పాత కారులో ఇంజిన్ వెనక ముఖం నుంచి ఫ్లైవీల్ రాపిడి ముఖానికి ఎంత దూరమో కొలవండి. రోటరీలో వెనక ముఖం నుంచి మీ కొత్త ఫ్లైవీల్ ముఖానికి ఎంతో కొలవండి. రెంటి తేడాయే ప్లేటు మందం. ఉదాహరణకు పాతది 20 మి.మీ., కొత్తది 36 మి.మీ. అయితే ప్లేటు 16 మి.మీ. అప్పుడు క్లచ్ పాత చోటే ఉంటుంది, రిలీజ్ బేరింగ్‌తో పేచీ రాదు. అయితే ఆ 16 మి.మీ. ఇంజిన్‌ని కుడికి నెడుతుందని మరవకండి. పుల్లీకీ ఛాసిస్ రైలుకీ మధ్య ఎంత మిగిలిందో మళ్లీ చూడండి.

మధ్యకు తేవడం ఇలా. గేర్‌బాక్స్ విప్పి బెల్ హౌసింగ్ సగాన్ని ఖాళీగా ప్లేటు ద్వారా ఇంజిన్‌కి తగిలించండి. ఫ్లైవీల్ మీద డయల్ గేజ్ పెట్టి ముల్లుని ఇన్‌పుట్ బేరింగ్ గుండ్రానికి ఆనించండి. ప్లగ్గులు తీసి షాఫ్ట్‌ని చేత్తో ఒక చుట్టు తిప్పండి. మొత్తం తేడా 0.13 మి.మీ. దాటకూడదు. సరిపోయాకే రెండు డోవెల్ పిన్నులకు రంధ్రాలు వేసి రీమర్ తిప్పాలి. బోల్టులు మధ్యను పట్టి ఉంచుతాయనుకోవద్దు, ఆ పని పిన్నులది.

గేర్‌బాక్స్ ఎంత మోస్తుంది?

1979 ఆర్ఎక్స్-7లో అమెరికాకు వచ్చిన 12ఏ 100 హార్స్‌పవర్, 142 న్యూటన్ మీటర్లు ఇచ్చేది. మన మారుతి 800 ఇంజిన్ 60 న్యూటన్ మీటర్ల దరిదాపు. కారు 650 కిలోలే కదా, చాలదా అని అడగొచ్చు. కారుకి చాలుతుంది, గేర్‌బాక్స్‌కి మితిమీరుతుంది. 1.6 లీటర్ల పైబడ్డ కారు గేర్‌బాక్స్ నుంచి మొదలుపెట్టండి. 13బీ ట్విన్ టర్బోని, అంటే తొలి రోజుల్లోనే 294 న్యూటన్ మీటర్లు ఇచ్చినదాన్ని, ఇలాంటి కారులో పెట్టాలని ఎవరైనా రాస్తే నేను జవాబివ్వను.

చట్టం మాట ఒక్కటి. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. ఇక్కడ ఈ పని రోడ్డు మీదికి రాని బండికే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఉన్న మనవాళ్లకు దారి ఉంది. అక్కడ మార్చిన బండ్లను పరీక్షించి ఒప్పుకోవడానికి వరుసగా వీఎస్‌బీ 14, ఎల్‌వీవీ సర్టిఫికేషన్ అనే పద్ధతులున్నాయి. ఇనుము కోసే ముందే అక్కడి సర్టిఫైయింగ్ ఇంజినీర్‌ని కలవండి, తర్వాత కాదు.

ఈ పాఠానికి పని

మీ దగ్గరున్న, లేదా కొనబోయే గేర్‌బాక్స్‌కి నాలుగు అంకెలు రాయండి: తిరిగే దిక్కు, ఇన్‌పుట్ షాఫ్ట్ నుంచి డిఫరెన్షియల్‌కి దూరం, షాఫ్ట్ గీత నుంచి నేలకు ఎత్తు, బెల్ హౌసింగ్ లోపలి వ్యాసం. దిక్కు అంకె కాదంటారా, కుడికి 1, ఎడమకి 0 రాసుకోండి. ఆ తర్వాత అట్టముక్క మీద 240కి 180 మి.మీ. హౌసింగ్ ఆకారం గీసి, చుట్టూ గోడ మందం కలిపి కోసి, బెల్ హౌసింగ్ మధ్యకి మేకుతో బిగించి కారు కిందికి దూరి చూడండి. డ్రైవ్‌షాఫ్ట్‌కి తగిలితే ఆ గేర్‌బాక్స్ పక్కన పెట్టేయండి. నాలుగో పాఠంలో నీళ్లు, ఆయిల్ కూలర్, వేడి కవచాలు.