వస్తువుల వారీ బిల్లు ముద్రించే చిన్న డేటాబేస్‌ను రూపొందించడం ఎలా?

విశాఖపట్నంలో డాబాగార్డెన్స్‌లోనో, కురుపాం మార్కెట్ పరిసరాల్లోనో అరకు కాఫీ పొడి, మిరియాలు, పసుపు, జీడిపప్పు టోకుగా అమ్మే దుకాణం ఒకటి ఉందనుకుందాం. నగరంలోని హోటళ్లు, గాజువాక, మధురవాడల కిరాణా కొట్లు, ఒడిశాలోని బరంపురం, రాయగడ వ్యాపారులు దాని ఖాతాదారులు. ఎక్సెల్‌లో ఒక బిల్లు నమూనా పెట్టుకొని, ప్రతిసారీ పాత వివరాలు చెరిపి కొత్తవి టైపు చేసే పద్ధతి ఇలాంటి దుకాణానికి కొంతకాలం సరిపోతుంది. ఫలానా హోటలు పోయిన డిసెంబరులో ఎన్ని కిలోల మిరియాలు తీసుకుందో చెప్పమన్న రోజున మాత్రం దానివల్ల ఉపయోగం ఉండదు. అప్పుడు డేటాబేస్, అంటే ఒకదానితో ఒకటి ముడిపడి వెతకడానికి వీలుగా ఉండే పట్టికల కూర్పు, కావలసి వస్తుంది.

డేటాబేస్ ఏది చేసినా ఒక్క విషయం మనసులో ఉంచుకోవాలి. బిల్లు అనేది ఆ రోజు జరిగిన అమ్మకానికి సాక్ష్యం. రేపు ధర మారవచ్చు, పన్ను రేటు మారవచ్చు, ఖాతాదారు చిరునామా మారవచ్చు. ఇచ్చిన బిల్లును మళ్లీ ఎప్పుడు ముద్రించినా అది మొదటి రోజు చెప్పిన అంకెలనే చెప్పాలి. ఈ వ్యాసంలోని ఏర్పాట్లలో చాలావరకు ఈ అవసరం నుంచి పుట్టినవే.

ముందు కాగితం మీద

కంప్యూటరు తెరవకముందు మీ పాత బిల్లు పుస్తకం తీసి, బాగా పెద్దదిగా ఉన్న ఒక బిల్లును ఎదురుగా పెట్టుకోండి. అందులో ఒక్కసారే కనిపించే వివరాల కింద ఒక రంగుతో, సరుకు సరుకుకూ మారే వివరాల కింద మరో రంగుతో గీత గీయండి. బిల్లు నంబరు, తేదీ, ఖాతాదారు పేరు, సరుకు చేరే రాష్ట్రం మొదటి రకం. సరుకు పేరు, పరిమాణం, ధర, పన్ను రెండో రకం. ఈ రెండు రంగులే తర్వాత రెండు వేర్వేరు టేబుళ్లు (పట్టికలు) అవుతాయి. ఒకే టేబుల్‌లో సరుకు1, సరుకు2, సరుకు3 అని పది కాలమ్‌ల దాకా పెంచుకుంటూ పోయినవారికి పదకొండో సరుకు అమ్మిన రోజున బిల్లులో చోటుండదు; మిరియాల మొత్తం అమ్మకం తెలుసుకోవాలంటే అన్ని కాలమ్‌లనూ విడివిడిగా వెతకవలసి వస్తుంది.

టేబుళ్లు

మన దుకాణానికి ఐదు టేబుళ్లు చాలు: ఖాతాదారులు, సరుకులు, బిల్లులు, బిల్లు వరుసలు, వసూళ్లు. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లోనైనా, ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ బేస్‌లోనైనా నిర్మాణం ఇదే. ప్రతి టేబుల్‌కూ ఒక ప్రైమరీ కీ, అంటే ప్రతి వరుసనూ విడిగా గుర్తించే నంబరు, ఉంటుంది. బిల్లు వరుసల టేబుల్‌లో ఆ వరుస ఏ బిల్లుకు చెందిందో చెప్పే బిల్లు ఐడీ, ఏ సరుకో చెప్పే సరుకు ఐడీ ఫారిన్ కీలుగా, అంటే వేరే టేబుల్‌లోని వరుసను చూపే గుర్తులుగా, ఉంటాయి. ఈ సంబంధాలను కాగితం మీదే వదిలేయకుండా సాఫ్ట్‌వేర్‌లో కూడా విధిగా నమోదు చేయండి. అలా చేస్తే, బిల్లులున్న ఖాతాదారును పొరపాటున తొలగించబోయినా డేటాబేస్ ఒప్పుకోదు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది బిల్లు వరుసల టేబుల్ మీద. సరుకు ఐడీ ఉంది కదా, ధరనూ పన్ను రేటునూ సరుకుల టేబుల్ నుంచి తెచ్చుకోవచ్చు అనిపిస్తుంది, కానీ అలా చేయకూడదు. సరుకుల టేబుల్‌లో ఉండేది నేటి ధర. బిల్లు వరుసలో ఉండవలసింది అమ్మిన నాటి ధర. వరుస నమోదు చేసే క్షణంలో పేరు, హెచ్ఎస్ఎన్ కోడు (జీఎస్టీలో సరుకు రకాన్ని తెలిపే అంకెలు), ధర, పన్ను రేటు సరుకుల టేబుల్ నుంచి బిల్లు వరుసలోకి నకలు కావాలి, ఆ తర్వాత అక్కడే ఉండిపోవాలి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు ఇన్‌స్టంట్ కాఫీ మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. రేటును సరుకుల టేబుల్ నుంచే చదివే డేటాబేస్‌లో ఆ ఒక్క అంకెను మార్చగానే, ఆగస్టులో 18 శాతంతో ఇచ్చిన బిల్లులు కూడా మళ్లీ తీసినప్పుడు 5 శాతంతో ముద్రితమవుతాయి. ఖాతాదారు దగ్గరున్న కాగితానికీ మన కంప్యూటరుకూ పొంతన ఉండదు. ఇదే కారణంతో ఖాతాదారు పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు కూడా బిల్లులోకి నకలు కావాలి. ఒకే సమాచారం రెండు చోట్ల ఉండరాదని డేటాబేస్ పాఠాల్లో చదివినవారికి ఇది తప్పుగా తోచవచ్చు. నేటి ధర, నాటి ధర అనేవి రెండు వేర్వేరు సమాచారాలు కాబట్టి ఆ నియమానికి ఇక్కడ భంగమేమీ లేదు.

ఫీల్డుల రకాలు

ఫీల్డు అంటే టేబుల్‌లోని ఒక కాలమ్. అంకెలతో కనిపించేదల్లా సంఖ్య కాదు. కాఫీ హెచ్ఎస్ఎన్ కోడు 0901, మిరియాలది 0904, పసుపుది 0910. ఈ ఫీల్డును నంబరు రకంగా పెడితే ముందున్న సున్నా మాయమై 901 అని ముద్రితమవుతుంది. కాబట్టి హెచ్ఎస్ఎన్ కోడు, ఫోన్ నంబరు, పిన్ కోడు, 15 అక్షరాల జీఎస్టీ నంబరు అన్నీ టెక్స్ట్ రకంగానే ఉండాలి. డబ్బుకు కరెన్సీ లేదా డెసిమల్ రకం వాడండి. ఫ్లోట్, డబుల్ రకాలు పది పైసలను కూడా కచ్చితంగా దాచలేవు. పరిమాణానికి మూడు దశాంశ స్థానాలు ఉంటే గ్రాముల వరకు సరిపోతుంది.

పన్ను, పైసలు

ఆంధ్రప్రదేశ్‌లోనే సరుకు చేరితే పన్ను సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) అని రెండు సగాలుగా, బరంపురానికి పంపితే ఐజీఎస్టీగా (రాష్ట్రం దాటే సరుకు మీద పన్ను) మొత్తం ఒకటిగా పడుతుంది. అందుకే బిల్లుల టేబుల్‌లో సరఫరా స్థలం అనే ఫీల్డు తప్పనిసరి. జీఎస్టీలో ఆంధ్రప్రదేశ్ కోడు 37, ఒడిశా కోడు 21. బిల్లు వరుసలో మూడు పన్నుల మొత్తాలకూ విడివిడి ఫీల్డులు పెట్టి, ఆ బిల్లుకు వర్తించనివాటిలో సున్నా ఉంచండి.

ఒక వరుసను దగ్గరగా చూద్దాం. కాఫీ పొడి 3.250 కిలోలు, కిలో 645 రూపాయలు, విలువ 2,096.25. పన్ను ఐదు శాతం కాబట్టి సీజీఎస్టీ 2.5 శాతం 52.40625, అంటే 52.41; ఎస్‌జీఎస్టీ కూడా అంతే. రెండు పన్నులూ కలిపితే 104.82. అదే ఐదు శాతాన్ని ఒకేసారి లెక్కిస్తే 104.8125, అంటే 104.81. ఈ ఒక్క పైసా తేడా వల్లే నెలాఖరున ఆడిటరు గారి లెక్కకూ మన లెక్కకూ కుదరక సగం రోజు పోతుంది. కాబట్టి ప్రతి పన్నునూ విడిగా లెక్కించి, పైసలకు సవరించి, ఆ సవరించిన అంకెనే వరుసలో దాచండి. బిల్లు మొత్తం ఆ దాచిన అంకెల కూడిక కావాలి. చివరి మొత్తం 2,201.07 వస్తే ఏడు పైసలు రౌండాఫ్ అని ప్రత్యేకంగా చూపి 2,201 రూపాయలుగా ముద్రించండి. యాక్సెస్‌లోని రౌండ్ ఫంక్షన్ సరిగ్గా సగం వచ్చినప్పుడు దగ్గరి సరి సంఖ్యకు మారుస్తుంది, 2,200.50ను 2,201 చేయకుండా 2,200 చేస్తుంది. యాభై పైసలను పైకి లెక్కించే మన పద్ధతికి సొంతంగా ఒక సూత్రం రాసుకోవాలి.

కాంపొజిషన్ పద్ధతిలో (జీఎస్టీలో చిన్న వ్యాపారులకున్న సులభ విధానం) ఉన్న వ్యాపారులు బిల్లులో పన్ను విడిగా చూపకూడదు. వారు ఇవ్వవలసింది బిల్ ఆఫ్ సప్లై, అంటే పన్ను చూపని బిల్లు, కాబట్టి వారికి ఈ భాగం అక్కరలేదు.

బిల్లు నంబరు

డేటాబేస్ తనంతట ఇచ్చే ఆటోనంబరును టేబుల్ కీగా మాత్రమే వాడండి. మధ్యలో వదిలేసిన నమోదుకు కూడా ఆటోనంబరు ఖర్చవుతుంది, బిల్లుల వరుసలో ఖాళీలు వస్తాయి. జీఎస్టీ నిబంధనల ప్రకారం బిల్లు నంబరు వరుసగా ఉండాలి, 16 అక్షరాలకు మించరాదు, ఒక ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. 25-26/0001 వంటి రూపం చక్కగా సరిపోతుంది. ఏప్రిల్ 1న సంవత్సరం మారి మళ్లీ 0001తో మొదలవుతుంది. ఈ నంబరును నమోదు మొదలుపెట్టినప్పుడు కాకుండా, బిల్లు ఖాయం చేసినప్పుడు ఇవ్వాలి. ఆ ఫీల్డుకు యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువ రెండోసారి రాకుండా ఆపే ఏర్పాటు) పెడితే రెండు కంప్యూటర్ల నుంచి ఒకే నంబరు పడే ప్రమాదం ఉండదు. రద్దయిన బిల్లును తొలగించకండి. స్థితి అనే ఫీల్డులో రద్దు అని గుర్తు పెట్టండి. ఖాయమైన బిల్లును దిద్దే వీలు ఎవరికీ, యజమానికి కూడా, ఉండకూడదు. సరుకు తిరిగి వస్తే క్రెడిట్ నోటు, అంటే ఆ మొత్తాన్ని తగ్గిస్తున్నట్టు చెప్పే పత్రం, ఇవ్వాలి.

ముద్రణ

బిల్లులు, బిల్లు వరుసలు కలిపిన క్వెరీ (టేబుళ్ల నుంచి కావలసిన వివరాలు తెచ్చే ప్రశ్న) మీద రిపోర్టు (ముద్రించే పేజీ రూపం) కట్టి, ఒకసారి కనిపించవలసినవి గ్రూప్ హెడరులో, సరుకులు డీటెయిల్‌లో, మొత్తాలు గ్రూప్ ఫుటరులో పెట్టండి. బిల్లు ఐడీని పారామీటరుగా, అంటే ఏ బిల్లు కావాలో చెప్పే విలువగా, ఇవ్వకపోతే ఒక బిల్లు కోసం నొక్కిన బటనుకు ఏడాది బిల్లులన్నీ ముద్రితం కావడం మొదలవుతుంది.

ఇక్కడ చాలామందికి తగిలే చిక్కు ఒకటుంది. అదే క్వెరీలో వసూళ్లను కూడా కలిపితే, నాలుగు సరుకులూ రెండు వసూళ్లూ ఉన్న బిల్లు ఎనిమిది వరుసలుగా వచ్చి, సరుకు మొత్తం రెట్టింపు, వసూలు నాలుగు రెట్లు చూపిస్తుంది. వసూళ్ల మొత్తాన్ని వేరే క్వెరీలో ముందే కూడి, ఒక్క అంకెగా బిల్లుకు జోడించండి. సరుకులు రెండో పేజీకి సాగినప్పుడు కాలమ్ శీర్షికలు మళ్లీ వచ్చేలా చూడండి. సరుకుల బిల్లుకు మూడు ప్రతులు కావాలి: కొన్నవారికి, రవాణాదారుకు, మనకు. ఒకే రిపోర్టును మూడు శీర్షికలతో వరుసగా ముద్రించే బటను ఒకటి చాలు.

పరీక్ష, భద్రత

పాత బిల్లు పుస్తకంలోంచి చిక్కైనవి ఏరి, నమోదు చేసి, పైసాతో సహా సరిపోల్చండి: ఒడిశాకు పంపినది, రెండు పేజీల పొడవున్నది, రద్దయినది, సగమే వసూలైనది. అన్నీ కుదిరాక కొత్త నంబర్ల వరుసతో పని మొదలుపెట్టవచ్చు. ఆర్థిక సంవత్సరం మారే రోజున మొదలుపెడితే నంబర్ల విషయంలో సులువు.

లెక్కల రికార్డులను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసిన ఊరికి బ్యాకప్ గురించి వేరే చెప్పనక్కరలేదు, కానీ అది దుకాణంలోని పెన్‌డ్రైవులోనే ఉంటే నీరు కంప్యూటరునూ పెన్‌డ్రైవునూ కలిపే ముంచుతుంది. రోజూ దుకాణం కట్టేసే ముందు ఒక నకలు క్లౌడ్‌లోకి, వారానికొకటి ఇంట్లో ఉండే డిస్కులోకి వెళ్లేలా చేయండి. నెలకోసారి ఆ నకలును మరో కంప్యూటరులో తెరిచి, ఏదో ఒక పాత బిల్లును ముద్రించి, ఫైలులోని కాగితంతో పక్కపక్కన పెట్టి చూడండి.